తాటితోపు పల్లం

సరుగుడుపేట క్యాంపు,
8-5-1968

అక్కకి నమస్కారాలు.

చేరాను. పలాసలో బస్సు మారి, ఆ తర్వాత నాలుగు మైళ్ళు ఎడ్లబండి మీద వచ్చాను. ఆ బండిబాటనే ఇప్పుడు మట్టి పోసి ఎత్తు చేసి, సముద్రం ఒడ్డున ఉన్న ఈ బెస్తవాళ్ళ ఊరిదాకా రోడ్డు వేస్తున్నారు. ఆ పనిమీదే నా ఎనిమిది వారాల ట్రైనింగు. కొబ్బరాకుల పాకలో ఒక మూల నాది. మిగతా మూడు మూలలూ సిమెంటు బస్తాలవి. చుట్టూ జీడితోటలు, మొగలిపొదలు, ఇసక. గాలి ఒక్క నిమిషం ఆగదు. ఈ కాగితం మీద గులకరాళ్ళు పెట్టుకుని రాస్తున్నాను.

ఓవర్సీరు సూర్యారావు గారు కోపిష్ఠి అని త్రిపురసుందరి టీచరుగారు నీతో అన్నది నిజమే. మొదటిరోజే నాకు నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెలు దుర్బిణీ అప్పగించి, దూరంగా అంకెల కర్ర పట్టుకున్న చైన్‌మన్ అసిరయ్య వైపు చూపించి, కర్ర మీద ఎంత ఉందో చదవమన్నారు. ఆ దుర్బిణీలో అన్నీ తలకిందులుగా కనిపిస్తాయక్కా. అంకెలు పైనుంచి కిందికి లెక్కపెట్టాలి. కాలేజీలో వందసార్లు చేశాను. ఇక్కడ ముప్ఫైమంది కూలీలు చూస్తుంటే కంగారుపడి, కిందినుంచి పైకి చదివేశాను. ఆయన నా చేతిలో పుస్తకం లాక్కుని, "మూడేళ్ళు ఏటి నేర్పినారయ్యా నీకు? కర్ర తలకిందులుగా పట్టుకున్నాడా, నువ్వు తలకిందులుగా నిలబడ్డావా?" అన్నారు. అందరూ నవ్వారు. మట్టి మోసే ఆడవాళ్ళు కూడా.

నిన్న ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి, ఆ దుర్బిణీతో ఏం చూస్తున్నావని అడిగారు. ఏజెన్సీలో గొడవలయ్యాక ఈ ప్రాంతంలో రోజులు ఎలా ఉన్నాయో నీకు తెలుసు.  "రోడ్డు పనండి బాబూ, ఈయన ఇంజినీరింగు సదువుతన్నారు" అని అసిరయ్యే చెప్పి పంపించాడు.

నాకీ పని రాదనిపిస్తోంది. ఉన్నచోట ఉండబుద్ధి కావడం లేదు. ఆదివారం వచ్చేయనా? ఒక ముక్క రాయి.

నీ తమ్ముడు
బాబ్జీ

టెక్కలి,
13-5-1968

చిరంజీవి బాబ్జీని అక్క దీవించి రాయునది.

రావద్దు. ఆ ఒక్క ముక్క ముందు రాసి, మిగతాది తర్వాత రాస్తున్నాను.

నీ ట్రైనింగు కోసం త్రిపురసుందరి గారి ఆయన దగ్గరికి నేను ఎన్నిసార్లు వెళ్ళానో నీకు చెప్పలేదు. ఆయనకి సూర్యారావు గారు దగ్గరి చుట్టం కాబట్టి ఆ మాత్రం చోటు దొరికింది. అమ్మ పోయేనాటికి నీకు ఏడేళ్ళు, నాకు ఇరవైరెండు. అప్పటినుంచి నీ తరఫున ఎవరితో మాట్లాడాల్సి వచ్చినా నేనే మాట్లాడాను. నీకు నోరు తక్కువని ఊరంతా ఎరుగుదురు. అందులో నా తప్పూ ఉందేమో, నేనెప్పుడూ నీకు ఆ అవసరం రానివ్వలేదు.

నేను మొదటిసారి తరగతిలో అడుగుపెట్టిన రోజు బోర్డు మీద నా పేరు తప్పు రాశాను, తెలుసా? సూర్యకాంతంలో సున్నా మరిచిపోయాను. రెండో తరగతి పిల్ల లేచి దిద్దింది. ఆ పిల్లని ఇప్పటికీ మరిచిపోలేదు. ఉద్యోగం మాత్రం వదల్లేదు.

ఎనిమిది వారాలు ఆయనేం చెప్పినా "చిత్తం" అను. ఆయన సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టే మనిషి. అంతకు మించి నీకూ ఆయనకీ ఏమీ లేదు. కానిస్టేబుళ్ళు అడిగితే ఆఫీసువాళ్ళిచ్చిన కాగితం చూపించు, ఎవరితోనూ ఎక్కువ కలవకు. బండివాడి చేత కందిపొడి, చింతకాయ పచ్చడి పంపుతున్నాను. జాడీ మూత బిగించి పెట్టు, ఇసక పడుతుంది. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి, బావిలో నీళ్ళు అడుగంటాయి. సెలవులే అయినా ఓటర్ల జాబితాకో దేనికో మమ్మల్ని ఊరంతా తిప్పుతున్నారు.

గొడుగు లేకుండా ఎండలో నిలబడకు.

అక్క
సూర్యకాంతం

సరుగుడుపేట,
21-5-1968

అక్కకి,

పచ్చడి అందింది. అసిరయ్యకి సగం పెట్టాను. అతనికి నేను గురుదక్షిణ బాకీ ఉన్నాను.

ఇసకలో దుర్బిణీ ముక్కాలి నిలవదు. నేను ఎంత సరిచేసినా మట్టం చూపించే గాజుగొట్టంలో బుడగ జారిపోయేది. "బాబూ, ఇసకని నమ్మీకండి. కాలు గట్టిగా తొక్కండి, కాసేపు ఆగండి, అప్పుడు సూడండి" అని అసిరయ్య నేర్పాడు. పొద్దెక్కితే నేల ఆవిరికి అంకెలు ఈదుతున్నట్టు కనిపిస్తాయి, అందుకని తెల్లవారగానే మొదలుపెట్టి ఎనిమిదింటికల్లా ముగించాలని కూడా అతనే చెప్పాడు. ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఇంకో విచిత్రం. ఈ గాలిలో మామూలు గొంతుతో చెబితే వినపడదు. "కర్ర ఎత్తు! ఎడమకి!" అని రోజుకి రెండొందలసార్లు అరుస్తున్నాను. మొదట గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు అరిస్తే వంద గజాలు పోతోంది. సూర్యారావు గారు ఒకరోజు విని, "గొంతుందే!" అన్నారు. పోయిన వారం నుంచి లెవెలు పుస్తకం నా చేతికే ఇస్తున్నారు.

అయితే ఒక చిక్కొచ్చింది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ఊరికి పడమటివైపు ఒక గెడ్డ ఉంది. వానాకాలంలో తోటల నీళ్ళన్నీ దాంట్లోకి చేరి సముద్రంలోకి పోతాయి. రోడ్డు కట్ట దానికి అడ్డం వస్తుంది కాబట్టి నీళ్ళు పోవడానికి ఒక కల్వర్టు కడుతున్నారు. పునాది పడింది. ఊరిపెద్ద గున్నయ్య రోజూ వచ్చి అక్కడ నిలబడి చూసి పోతాడు. మొన్న నా దగ్గరికొచ్చి, "పెద్దవానొత్తే నీరు ఈడ నుంచి రాదు బాబూ. అదిగో ఆ తాటితోపు పల్లంలోంచి వత్తాది. ఒంతెన ఈడేటి కడతన్నారు?" అన్నాడు. పక్కన చేపల గంపతో పోతున్న నీలవేణి ఆగి నవ్వింది. "నీరు ఈ బాబుల్ని అడిగి వత్తాదేటి!"

వాళ్ళ మాట పట్టించుకోకూడదనే అనుకున్నాను. కానీ మర్నాడు తాటితోపు పల్లం లెవెలు తీసి చూస్తే, పునాది ఉన్నచోటికంటే అది దాదాపు రెండడుగులు పల్లంగా వచ్చింది. సూర్యారావు గారి పాత పుస్తకంలో రెండూ సమానంగా ఉన్నాయి. కట్ట పూర్తయితే తాటితోపు నీళ్ళకి దారుండదు. వెనక్కి తన్ని ఊళ్ళోకి వస్తాయి.

ఆయనకి చెప్పాను. "మళ్ళీ కర్ర తలకిందులు చదివావా?" అన్నారు. తప్పు నాదే అయ్యుండొచ్చు. నా చూపు మీద నాకే నమ్మకం లేదు. కుదురుగా కూర్చోలేకపోతున్నాను. అన్నం తింటూ లేచిపోయి ఆ పల్లం చూసి వస్తున్నాను. ఏం చెయ్యను?

బాబ్జీ

టెక్కలి,
25-5-1968

చిరంజీవి బాబ్జీకి,

నీ ఉత్తరం చదివినప్పటినుంచి నాకు కాలు నిలవలేదు.

నువ్వు చేస్తున్నదేమిటో నీకు తెలుస్తోందా? ఇరవై ఏళ్ళ సర్వీసున్న మనిషి పుస్తకం తప్పంటున్నావు. పైగా ఊరివాళ్ళ మాట పట్టుకుని. నువ్వున్న ఆ ఉద్దానం తోటల వైపు ఈ రోజుల్లో ఊరి జనం పక్షాన నిలబడి ఆఫీసరు మీద మాట్లాడే కుర్రాణ్ణి ఎలా చూస్తారో నీకు తెలీదా? మొన్న ఇక్కడి బస్‌స్టాండులో ఇద్దరు కాలేజీ పిల్లల్ని వ్యానెక్కించి తీసుకుపోయారు. ఎందుకో ఎవరికీ తెలీదు.

ఆ నీలవేణి ఎవరు? చేపల గంప మోసే పిల్లకి నీ లెక్కలతో పనేమిటి? నువ్వు ఆగి మాట్లాడటమేమిటి?

తప్పు నాదే అయ్యుండొచ్చు అని నువ్వే రాశావు కదా. అందుకని, ఆలస్యం చేస్తే చెడుతుందని, సూర్యారావు గారికి నిన్ననే ఉత్తరం వేశాను. మావాడిది చిన్నతనం, లెక్క తప్పిన సంగతి నాకు రాసి బాధపడ్డాడు, పెద్దమనసుతో క్షమించండి అని రాశాను. ఆయన చల్లబడతారు. నువ్వు కూడా ఒక నమస్కారం పెట్టి ఊరుకో.

ఇంకా అయిదు వారాలే.

అక్క

సరుగుడుపేట,
31-5-1968

అక్కకి,

నీలవేణికి అరవై ఏళ్ళు. ముగ్గురు మనవలు. ఆ సంగతి ముందు తెలుసుకో.

నీకు ఉత్తరం రాశాక నేను ఊరికే కూర్చోలేదు. మూడు పొద్దులు అసిరయ్యని బతిమాలి వెంట తీసుకెళ్ళాను. ఊరి సత్రం మెట్టు మీద సర్కారువాళ్ళు చెక్కిన ఎత్తు గుర్తు ఉంది. అక్కడ మొదలుపెట్టి, పునాది దాకా, అక్కణ్ణుంచి తాటితోపు దాకా, మళ్ళీ వెనక్కి సత్రం మెట్టు దాకా లెవెలు తీశాను. మూడుసార్లూ బయల్దేరిన అంకెకే తిరిగి చేరాను. అంటే దారిలో ఎక్కడా తప్పు లేదు. పల్లం పల్లమే.

మరి సూర్యారావు గారి లెక్క ఎక్కడ తప్పింది? అదీ కనిపెట్టాను. తాటితోపు లెవెలు తీసినప్పుడు ఆయన సత్రం దాకా పోకుండా, దారిపక్కన తను ముందే ఎత్తు రాసి పెట్టుకున్న ఒక రాయి నుంచి తీశారు. ఈ మధ్యలో ఆ రాయిని బండి గుద్ది పడేసిందిట. గున్నయ్య కొడుకులు దాన్ని గుంటలోకి దించి మళ్ళీ పాతారుట, ఎవరికీ తగలకుండా. "మాకేటి తెల్సు బాబూ, అది లెక్కల రాయని!" అన్నారు. రాయి కిందికి దిగింది, పుస్తకంలో అంకె దిగలేదు. అందుకే పల్లం ఎత్తుగా కనిపించింది.

ఇదంతా రాసుకుని నిన్న పొద్దున్న ఆయన దగ్గరికి వెళ్ళాను. మూడు వారాల్లో మొదటిసారి, ఆయన పిలవకుండానే వెళ్ళాను. నేను నోరు తెరవకముందే ఆయన జేబులోంచి నీ ఉత్తరం తీశారు. తాపీమేస్త్రీ, కంట్రాక్టరు మనుషులు, కూలీలు అందరూ ఉండగా పైకి చదివారు. "లెక్క తప్పిన సంగతి నాకు రాసి బాధపడ్డాడు" దగ్గర ఆగి, మళ్ళీ చదివారు. నా పుస్తకం నా చేతిలోనే ఉండిపోయింది.

బుధవారం అసిస్టెంటు ఇంజినీరు గారు తనిఖీకి వస్తున్నారు. ఆ తర్వాత కట్ట మూసేస్తారు.

నువ్వు నా మంచి కోరే చేశావని తెలుసు. అయినా ఇకమీదట నా తరఫున ఎవరికీ రాయకు.

ఉమామహేశ్వరరావు

సరుగుడుపేట,
7-6-1968

అక్కకి,

నీ దగ్గరినుంచి వారంగా ఉత్తరం లేదు. పేరు పూర్తిగా రాసి సంతకం చేసినందుకు ఆ మర్నాడే సిగ్గుపడ్డాను. టపా బండి వెళ్ళిపోయింది. కోపంగా ఉన్నావో, ఒంట్లో బాగాలేదో తెలీక తోచడం లేదు. అయినా బుధవారం జరిగింది నీకు తప్ప ఎవరికి రాయను?

ఇంజినీరు గారు జీపులో పదింటికి వచ్చారు. సన్నగా, పొట్టిగా ఉంటారు, ఎక్కువ మాట్లాడరు. సూర్యారావు గారు పునాది చూపించారు, కట్ట చూపించారు. నేను వెనక నడుస్తున్నాను. తాటితోపు దగ్గరికి వచ్చేసరికి ఆయన జీపు వైపు తిరిగారు. ఇంకో నాలుగడుగులు వేస్తే అయిపోతుంది. అప్పుడు పిలిచాను. అసిరయ్యని కేకేసే గొంతే వచ్చింది. అవసరం లేనంత గట్టిగా.

"సార్! ఇక్కడ లెవెలు తప్పండీ!"

అందరూ ఆగిపోయారు. సూర్యారావు గారు వెంటనే, "ట్రైనింగు కుర్రాడండి. కర్ర చదవడం తప్పాడు. వాళ్ళ అక్కగారే ఒప్పుకుంటూ ఉత్తరం రాశారు" అన్నారు.

ఇంజినీరు గారు ఆయన్ని చూసి, "అక్కగారు లెవెలు తీశారా?" అని అడిగారు.

ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వించడానికి అడగలేదు. నా వైపు తిరిగి, దుర్బిణీ చూపించి, "పెట్టు" అన్నారు.

ఎండ ఎక్కింది, అంకెలు ఈదే వేళ. ఆ మాటే చెప్పాను. "ఈ వేళప్పుడు దూరం చూస్తే సరిగా రాదండి, ముప్ఫై గజాలకొకసారి మార్చుకుంటూ వెళ్తాను, ఆలస్యమవుతుంది" అన్నాను. ఆయన మణికట్టు గడియారం చూసుకుని, తాటిచెట్టు నీడకి వెళ్ళి కూర్చున్నారు. గంటంబావు పట్టింది. ముక్కాలి తొక్కాను, ఆగాను, చూశాను, రాశాను. ఎవరు చూస్తున్నారో మధ్యలో మరిచిపోయాను. తిరిగి సత్రం మెట్టు దాకా వచ్చి లెక్క కట్టి పుస్తకం ఇచ్చాను. ఆయన చివరి రెండు చూపులు తనే దుర్బిణీలో చూసుకున్నారు. ఆ తర్వాత గున్నయ్యని పిలిచి నీళ్ళ సంగతి అడిగారు. నన్ను ఏం చేద్దామని అడిగారు. నన్నే అక్కా.

కట్టిన పునాది ఉండనిచ్చి, తాటితోపు దగ్గర ఇంకో తూము పెట్టాలన్నాను. పెద్దాఫీసు నుంచి అనుమతి వచ్చేదాకా అక్కడ కట్ట మూయకుండా ఇరవై అడుగులు ఖాళీ వదలమన్నాను. "వదలండి" అన్నారాయన సూర్యారావు గారితో.

గెలిచినట్టు ఉంటుందనుకున్నాను. లేదు. జీపు వెళ్ళిపోయాక సూర్యారావు గారు ఆ పాతిన రాయి దగ్గరికి ఒక్కరే వెళ్ళి నిలబడ్డారు. రెండు రోజులుగా నాతో మాట్లాడలేదు. సర్టిఫికెట్టు మాట అడిగే ధైర్యం నాకు లేదు. ఆయన ఇవ్వకపోతే నీ శ్రమంతా వృథా. అది తలుచుకుంటే మళ్ళీ అన్నం సయించడం లేదు.

ఒక్క ముక్క రాయి.

బాబ్జీ

టెక్కలి,
11-6-1968

చిరంజీవి బాబ్జీకి,

ఒంట్లో బాగానే ఉంది. కోపం లేదు. నీ పూర్తి పేరు చూసి రెండు రోజులు నేను ఏడ్చిన మాట నిజం. నాకు ఇన్నాళ్ళుగా నువ్వు ఉత్త బాబ్జీవే.

నీకు తెలియని సంగతి ఒకటి రాస్తాను. మంగళవారం, అంటే మీ ఇంజినీరు గారు వచ్చే ముందురోజు, నేను పలాస దాకా వచ్చాను. నేరుగా సూర్యారావు గారి కాళ్ళమీద పడి, ఉత్తరం నేను తెలియక రాశాను, మావాడు తప్పు చెయ్యలేదు అని చెబుదామనుకున్నాను. బస్సు మారాల్సిన చోట బల్ల మీద కూర్చున్నాను. నీ ఉత్తరం చివరి వాక్యం సంచిలో ఉంది. ఒక బస్సు వెళ్ళింది. ఇంకోటి వచ్చింది, అదీ వెళ్ళింది. మూడోది టెక్కలి బస్సు. అదెక్కాను.

ఇంటికొచ్చాక పిరికిదాన్ననుకున్నాను. నీ ఉత్తరం చదివాక తెలిసింది. నేను వచ్చుంటే ఇంజినీరు గారు నీతో "పెట్టు" అనేవారు కాదు.

బాబ్జీ, నాకు నీ లెక్క అర్థం కాలేదు. అందుకే భయపడ్డాను. అర్థంకాని దాన్ని నీ తప్పే అనుకోవడం నాకు తేలికైంది. నా దగ్గర చదివే పిల్లలతో అలా చెయ్యను, నీతో చేశాను. సూర్యారావు గారికి మళ్ళీ రాయలేదు. నువ్వు రాయొద్దన్నావు కాబట్టి కాదు. ఇప్పుడు ఆయనతో మాట్లాడవలసింది నువ్వే కాబట్టి.

సర్టిఫికెట్టు సంగతి ఏమైనా కానీ. రాకపోతే వచ్చే వేసవికి మరోచోట చూసుకుందువు గాని. ఈసారి దరఖాస్తు నువ్వే రాయి, నేను తపాలా బిళ్ళ అంటిస్తాను.

ఇక్కడ మబ్బులు పట్టాయి. అక్కడ పాక కురుస్తుందేమో, కాగితాలు పెట్టెలో పెట్టుకో.

అక్క

సరుగుడుపేట,
28-6-1968

అక్కకి,

పాక కురిసింది. కాగితాలు తడవలేదు, నేను తడిశాను.

పోయిన శనివారం మొదలైన వాన మంగళవారం దాకా వదల్లేదు. సోమవారం పొద్దున్నకి గెడ్డ పొంగింది. తాటితోపు పల్లంలోంచి ఎర్రనీళ్ళు నడుములోతున వచ్చాయి. మేం వదిలిన ఖాళీలోంచి దూకి సముద్రం దారి పట్టాయి. గట్టు కోసుకుపోతుందేమోనని సూర్యారావు గారూ నేనూ అసిరయ్యా ఊళ్ళోవాళ్ళతో కలిసి ఇసక బస్తాలు వేశాం. కట్టకి దగ్గరగా చిన్నతల్లి అనే ఆవిడ ఇల్లుంది, పదిరోజుల బిడ్డతో. నీళ్ళు అరుగు దాకా వచ్చి ఆగాయి. "గుమ్మం ఎక్కలేదు బాబూ, అరుగు కాడి నుంచే పోనాయి" అని గున్నయ్య పదిమందికి పదిసార్లు చెప్పాడు.

ఆ నీళ్ళలోనే నిలబడి, నావైపు చూడకుండా సూర్యారావు గారు అన్నారు. "ఆ రాయి నేను రెండోసారి సరిచూసుకోవాల్సింది. అది సరే. మీ అక్కగారి ఉత్తరం నలుగురిలో చదవడం మాత్రం..." అని ఆపేశారు. బస్తా అందించమన్నారు. అందించాను.

కొత్త తూముకి అనుమతి రావడానికి ఇంకా టైముంది గాని, వాన సంగతి విన్న ఇంజినీరు గారు పునాది తవ్వకం సోమవారమే మొదలయ్యేలా మేకులు పాతి ఉంచమని కబురు పెట్టారు. సూర్యారావు గారు ఆ పని పూర్తిగా నాకే వదిలేశారు. బుధ గురువారాల్లో లెవెలు తీసి మేకులు పాతాను. నిన్న సాయంత్రం నా సర్టిఫికెట్టు కూడా ఇచ్చేశారు. పని: చాలా బాగు. సొంతంగా లెవెలు తీయగలడు. మాట వినుట: సాధారణం. ఆ చివరిది చదివి నేను నవ్వితే, ఆయన కూడా నవ్వు దాచుకోడానికి మీసం తుడుచుకున్నారు.

ఈ పొద్దున్న పెట్టె సర్దుకుంటూ లెవెలు పుస్తకం చివరిసారి కూడి చూశాను. మూడో మేకు దగ్గర లెక్క కుదరలేదు; కర్ర మీద 3.86 చూసి, పుస్తకంలో 3.68 వేశానని అప్పుడు గుర్తొచ్చింది. రెండంగుళాల పైన తేడా. ఎవరూ చూడలేదు. సర్టిఫికెట్టు చొక్కా జేబులో ఉంది, మధ్యాహ్నం బండి మాట్లాడుకున్నాను. రెండంగుళాలకి తూము కూలిపోదు. నీళ్ళు కొంచెం నిలుస్తాయి, అంతే. పుస్తకం మూసి మళ్ళీ తెరిచాను. పాక చుట్టూ రెండుసార్లు తిరిగాను.

తర్వాత వెళ్ళి చెప్పాను.

ఆయన పుస్తకం తీసుకుని అంకె చూశారు. "సంతకం పెట్టేశాను కదా. ఇప్పుడెందుకు చెప్తున్నావు? సోమవారం పలుగు పడుతుంది, నేను చూసేవాణ్ణి కాదు."

"మీరు చూడరనే చెప్తున్నానండి."

ఆయన పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నారు. సర్టిఫికెట్టు వెనక్కి అడుగుతారేమో అనుకున్నాను. ఆయన పంచె ఎగ్గట్టి, దుర్బిణీ పెట్టె ఒక పక్క చెయ్యి వేసి, "రెండో పక్క ఎత్తు" అన్నారు. ఆయన ఆ పెట్టె మోయడం అసిరయ్య కూడా ఎప్పుడూ చూడలేదుట.

బండివాణ్ణి పంపించేశాను. మేకులు నాలుగూ మొదటినుంచి తీస్తున్నాం. ఎండ ఎక్కేలోగా సగమే అయింది, మిగతాది రేపు. ఆదివారం ఎదురుచూడకు. సోమవారం పలుగు పడటం కూడా చూసుకుని బుధవారం వస్తాను.

బాబ్జీ